ఇల్లు అలకగానే పండగ కాదు

ఆదివారం తెల్లవారుజాము. ఐదు కావస్తోంది. రాత్రంతా ఆఫీసులో సర్వరు ముందు కూర్చుని వచ్చి, టాటానగర్ భాలుబాసాలో మా ఇంటి ముందు బండి ఆపాను. నాన్న అప్పటికే లేచి అరుగు మీద టీ గ్లాసుతో కూర్చున్నారు. ఉక్కు కర్మాగారంలో ముప్పై నాలుగేళ్లు షిఫ్టులు చేసిన మనిషి. రిటైరై పదేళ్లయినా ఆయనకి ఇంకా షిఫ్టు వేళలకే మెలకువ వస్తుంది.

"ఏటిరా, పని అయిపోనాదా?" అన్నారు.

"అయిపోయింది నాన్నా. నూటికి నూరు శాతం చూపించింది. డిస్కు మొత్తం వచ్చేసింది."

"వచ్చీసింది సరే. అక్కడ మిషను నడిసిందా?"

నా దగ్గర జవాబు లేదు. నడిపి చూడలేదు. కాసేపు పడుకుని లేచి, మధ్యాహ్నం వెళ్లి పాత సర్వరులో ఉన్నదాన్ని తీసేద్దామని అనుకుంటూ వచ్చాను.

"అయితే రిలీవరు రాకుండానే డ్యూటీ వదిలీసి వచ్చినావన్నమాట" అని గ్లాసు కింద పెట్టారు.

టీ కూడా తాగకుండా బండి వెనక్కి తిప్పాను. ఆ రోజు నేర్చుకున్నది కంప్యూటరు పని కంటే పెద్దది. అందుకే ఇది సర్వర్ల ముఖం ఎప్పుడూ చూడనివాళ్ల కోసం కూడా రాస్తున్నాను.

మనలో చాలామందికి పని మొదలుపెట్టడం వచ్చు, కష్టపడడం వచ్చు. ముగించడం రాదు. పంపేస్తే పనైపోయిందనుకుంటాం. అవతల అందిందా, అందినది నిలబడిందా అని చూసేవాళ్లు పదిమందిలో ఒకరిద్దరే కనిపిస్తారు. పై అధికారికి నమ్మకం కుదిరేది వాళ్ల మీదే. ఇంట్లో పెద్దలు కబురు పెట్టేదీ వాళ్లకే.

ఆ రాత్రి నేను చేసిన పని

పెద్ద సర్వరు ఒక మేడ అనుకోండి. అందులో ఒక్కో వాటాలో ఒక్కో కాపురం ఉన్నట్టు, ఒకే సర్వరులో సాఫ్ట్‌వేర్‌తో కట్టిన కంప్యూటర్లు చాలా ఉంటాయి. వాటినే వర్చువల్ మెషీన్లు అంటారు. ఈ ఆలోచన కొత్తది కాదు. ఐబీఎం 1972లోనే తన పెద్ద యంత్రాలకు వీఎం/370 అనే వ్యవస్థ తెచ్చింది. మామూలు పీసీల దాకా దాన్ని తీసుకొచ్చింది 1998లో మొదలైన వీఎంవేర్. 2023 నవంబరులో ఆ కంపెనీని బ్రాడ్‌కామ్ కొనుక్కుంది. లైసెన్సుల పద్ధతి మారింది. దాంతో మా ఆఫీసు లాంటి చిన్న సంస్థలు కొన్ని వేరే వేదికల మీదకి మారడం మొదలుపెట్టాయి.

మా లెక్కల విభాగం మొత్తం అలాంటి ఒక వర్చువల్ మెషీన్‌లో ఉంది. దాని డిస్కులో 400 జీబీ సమాచారం. ఇన్నేళ్ల బిల్లులు, జీతాల పట్టీలు, పన్ను కాగితాలు అన్నీ అందులోనే. దాన్ని పాత సర్వరులోంచి నెట్‌వర్క్ మీదుగా బయటికి తీసి కొత్త సర్వరులో పెట్టాలి. దీనికి దారులు చాలా ఉన్నాయి. నేను ఎంచుకున్నది అన్నిటికంటే మామూలు దారి. సర్వరును అదుపు చేసే మేనేజ్‌మెంట్ పేజీని నా లాప్‌టాప్ బ్రౌజరులో తెరిచి, మెషీన్‌ని ఆపి, 'ఎక్స్‌పోర్ట్' నొక్కడం. శనివారం రాత్రి పదింటికి నొక్కాను. అక్కణ్నుంచి మొదలయ్యాయి పాఠాలు.

1. బరువును తిట్టే ముందు దారి చూడండి

పదకొండింటికి చూస్తే 11 శాతం. ఈ లెక్కన తెల్లారేదాకా అవదు. పాత సర్వరు కదా, డిస్కు పెద్దది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తర్వాత ఎందుకో అనుమానం వచ్చి, మేనేజ్‌మెంట్ పోర్టు ఎంత వేగంతో కలిసిందో చూశాను. సెకనుకి 1000 మెగాబిట్లు ఉండాల్సిన చోట 100 అని ఉంది.

సర్వరు వెనక్కి వెళ్లి టార్చి వేసి చూశాను. కేబుల్ ఎక్కడా తెగలేదు. దీపం ఆకుపచ్చగా వెలుగుతూనే ఉంది. కాకపోతే ప్లగ్గు దగ్గర క్లిప్పు విరిగి, తల కాస్త వాలి ఉంది. నెట్‌వర్క్ కేబుల్లో ఎనిమిది తీగలు, నాలుగు జతలుగా ఉంటాయి. 1000 మెగాబిట్లకు నాలుగు జతలూ పనిచేయాలి. 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. ఒక జత సరిగ్గా ఆనకపోతే చాలాసార్లు లైను ఆగదు, కేకా పెట్టదు. నోరుమూసుకుని పదో వంతు వేగానికి దిగిపోతుంది. 100 మెగాబిట్ల దారిలో సెకనుకి 12.5 మెగాబైట్లకు మించి వెళ్లవు. ఆ లెక్కన 400 జీబీకి దాదాపు తొమ్మిది గంటలు.

మన బతుకుల్లో కూడా ఇలాగే జరుగుతుంది. పిల్లాడు చదువులో వెనకబడితే సిలబస్ బరువని అంటాం. వాడి కళ్లద్దాల నంబరు మారి ఏడాదైందని చూడం. ఆఫీసులో పని తెమలకపోతే పని ఎక్కువైందంటాం. నెలరోజులుగా నిద్ర ఐదు గంటలే ఉందని గమనించం. దీపం వెలుగుతోంది కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటాం. పూర్తిగా ఆగిపోయినది అందరికీ కనిపిస్తుంది. పదో వంతుకి దిగిపోయినదాన్ని పనిగట్టుకుని వెతకాలి.

కేబుల్ మార్చాలంటే నడుస్తున్న ఎక్స్‌పోర్ట్ ఆపాలి. గంటసేపు చేసినదంతా పోతుంది. చెయ్యి ఆడలేదు. కానీ అలాగే వదిలేస్తే ఇంకో ఎనిమిది గంటలు. మారిస్తే మొత్తం మూడు గంటల్లో తేలుతుంది. ఆపేశాను. పోయిన గంట మీద మమకారంతో రాబోయే గంటల్ని కూడా పోగొట్టుకోకండి. నచ్చని కోర్సు, నడవని వ్యాపారం, దేనికైనా లెక్క ఇదే. ఇప్పటిదాకా ఎంత పెట్టామన్నది అయిపోయిన లెక్క. ఇక మీదట ఎంత పడుతుందన్నదే చూసుకోవాల్సినది.

2. మీది కాని మూట దించేయండి

రెండోసారి నొక్కే ముందు మెషీన్ సెట్టింగులు చూశాను. ఎప్పుడో ఏ సాఫ్ట్‌వేరో ఎక్కించడానికి తగిలించిన ఐఎస్ఓ ఫైలు (డీవీడీకి నకలు లాంటిది) డీవీడీ డ్రైవులో అలాగే ఉంది. తీయడం ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. వదిలేస్తే అది కూడా మూటలో చేరి వస్తుంది, లేదా ఎగుమతికి అడ్డం పడుతుంది. దాన్ని విడదీశాను. అవసరం తీరిపోయినా తగిలించుకుని తిరిగేవి మనకీ ఉంటాయి. పాత ఆఫీసులో ఎవరో అన్న మాట, ఐదేళ్ల కిందటి పోటీ, ఎప్పుడో పడిన మార్కులు. కొత్త ఉద్యోగంలో చేరే ముందు ఒకసారి డ్రైవు తెరిచి చూసుకోండి.

3. ఊపిరి ఉందని చెబుతూ ఉండండి

ఈసారి వేగం బాగుంది. పన్నెండింటికి మూడో వంతు దాటింది. ఊపిరి పీల్చుకుని ఓ కునుకు తీశాను. నేను పడుకున్నాను, నాతోపాటు నా లాప్‌టాప్ కూడా పడుకుంది. అరగంట తర్వాత లేచి చూస్తే ఎక్స్‌పోర్ట్ ఆగిపోయింది. మళ్లీ మొదటికి.

ఎందుకు ఆగిందో తెలుసుకుంటే అబ్బురమనిపిస్తుంది. వీఎంవేర్‌లో ఇలా డిస్కు బయటికి తీయడం మొదలుపెట్టగానే సర్వరు ఒక లీజు ఇస్తుంది. మన భాషలో చెప్పాలంటే గడువున్న కౌలు. ఆ గడువు మామూలుగా 300 సెకన్లు, అంటే ఐదు నిమిషాలు. ఆ లోపు, తీసుకెళ్తున్నవాళ్లు 'ఇంత శాతం అయింది' అని కబురు పంపాలి. పంపిన ప్రతిసారీ గడువు కొత్తగా మొదలవుతుంది. పని మూడు గంటలు పట్టినా ముప్పై గంటలు పట్టినా సర్వరుకి అభ్యంతరం లేదు. కబురు ఆగితే మాత్రం, అవతలివాళ్లు లేరనుకుని కౌలు రద్దు చేస్తుంది. నా లాప్‌టాప్ పడుకోవడంతో ఆగింది ఆ కబురే.

ఈ చిన్న ఏర్పాటు నాకు పెద్ద మేనేజ్‌మెంట్ పుస్తకంలా కనిపించింది. పని ఆలస్యమైందని మనుషులు కోప్పడేది తక్కువ. ఏమైందో తెలియక కోప్పడేది ఎక్కువ. దర్జీ 'గురువారం కాదు, శనివారం ఇస్తాను' అని బుధవారమే ఫోన్ చేస్తే మనం సర్దుకుంటాం. గురువారం వెళ్లి తాళం చూస్తే ఇంకెప్పుడూ ఆ కొట్టు గడప తొక్కం. మీ పై అధికారి, మీ కస్టమరు, మీ అమ్మ, అందరూ మీకు ఇలాంటి కౌలే ఇచ్చి ఉంటారు. గడువు ఒక్కొక్కరిది ఒక్కో రకం. అది తీరకముందే రెండు ముక్కలు చెప్పండి. 'సగమైంది. ఇంకా రెండు రోజులు పడుతుంది.' ఈ మాట చెప్పడానికి నిమిషం చాలు. చెప్పకపోతే పోయిన నమ్మకాన్ని కూడగట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది.

4. 'అయింది', 'కాలేదు'... రెండూ గౌరవమైన మాటలే

ఆ కౌలులో ఇంకో నిబంధన ఉంది. అది నడుస్తున్నంతసేపు ఆ మెషీన్ స్థితిని మార్చే పని మరెవరినీ చేయనివ్వదు. అందుకే తీసుకెళ్లినవాళ్లు చివర్లో రెండింటిలో ఒకటి చెప్పాలి. 'పూర్తయింది' అనైనా చెప్పాలి, 'వదిలేస్తున్నాను' అనైనా చెప్పాలి. రెండిటికీ వ్యవస్థలో చోటుంది. ఏదీ చెప్పకుండా మాయమైతే, గడువు తీరేదాకా అవతల అందరూ చేతులు కట్టుకుని కూర్చోవాలి.

చాలా ఆఫీసుల్లో, చాలా ఇళ్లల్లో పనులు ఆగిపోయేది ఇక్కడే. ఒప్పుకున్నవాళ్లు చేయరు, చేయలేమని చెప్పరు. చెల్లెలి పెళ్లికి హాలు నేను చూస్తానన్న అన్నయ్య నెలరోజులు మౌనంగా ఉంటాడు. ఆయన చూస్తున్నాడు కదా అని మిగతావాళ్లు ఆ పని ముట్టుకోరు. 'నా వల్ల కాలేదమ్మా, ఇంకొకరికి చెప్పండి' అంటే పరువు పోతుందనుకుంటాం. నిజానికి ఆ మాట అనగానే పది చేతులు కదులుతాయి. చేతకానప్పుడు వేళకి చెప్పడం కూడా చేతనైనతనమే.

5. వచ్చినది అదేనా?

మూడోసారి లాప్‌టాప్‌ని నిద్రపోనివ్వకుండా సెట్ చేసి, ఎదురుగా కూర్చున్నాను. నాలుగు కాకముందే 100 శాతం అంది. ఇంటికి బయల్దేరింది అప్పుడే. నాన్న మాటతో తిరిగొచ్చి మొదట చేసినది సరిచూడడం.

ఇలా ఎగుమతైన మెషీన్ ఓవీఎఫ్ అనే పద్ధతిలో వస్తుంది. ఏ కంపెనీ వేదిక మీదున్నా ఒకరిది ఒకరు చదువుకోగలిగేలా డీఎంటీఎఫ్ అనే ప్రమాణాల సంస్థ 2009లో దాన్ని ప్రకటించింది. అందులో మెషీన్ వివరాల ఫైలు ఒకటి, డిస్కు ఫైలు ఒకటి, వాటితో పాటు చిన్న జాబితా ఒకటి ఉంటాయి. ఆ జాబితాలో ఒక్కో ఫైలుకీ ఒక ముద్ర రాసి ఉంటుంది. ఎస్‌హెచ్‌ఏ-256 ముద్రయితే 64 అక్షరాలు. వందల జీబీల్లో ఒక్క బిట్టు మారినా ఆ ముద్ర గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. మా దగ్గరకి వచ్చిన ఫైలు ముద్రని కొత్తగా లెక్కించి, జాబితాలోదాని పక్కన పెట్టి, వేలు ఆనించుకుంటూ అక్షరం అక్షరం చదివాను. కలిసింది.

బ్యాంకులో డబ్బు వేసినప్పుడు రశీదు చూసుకుంటాం. మాట విషయంలో మాత్రం అలా చూసుకోం. 'నేను చెప్పాను' అంటాం. వాళ్లకి ఏం అర్థమైందో అడగం. ముఖ్యమైన మాట చెప్పాక 'నేను చెప్పినది ఒకసారి మీ మాటల్లో చెప్పండి' అని మర్యాదగా అడగండి. సగం తగాదాలు పుట్టకుండానే పోతాయి.

6. ముందు నిలబడండి, తర్వాత పరుగెత్తండి

ముద్ర కలిసింది కదా అని ధీమాగా కొత్త సర్వరులో మెషీన్‌ని ఆన్ చేశాను. నీలం తెర. విండోస్‌కి బూట్ డిస్కు కనబడటం లేదు. ఫైలు చెక్కుచెదరలేదు. కానీ కొత్త వేదిక డిస్కుని చూపిస్తున్న పద్ధతి ఆ విండోస్‌కి తెలియదు. ఆ పద్ధతికి కావాల్సిన డ్రైవరు దాని దగ్గర లేదు. వచ్చినది అసలైనదే, కానీ కొత్త ఊరి భాష రాదు.

పరిష్కారం సులువే. డిస్కుని తాత్కాలికంగా, విండోస్‌కి ముందే తెలిసిన సాటా పద్ధతిలో చూపించాను. లేచి నిలబడింది. నిలబడ్డాక కొత్త డ్రైవరు నేర్పాను. ఆ తర్వాత వేగమైన పద్ధతికి మార్చాను. మళ్లీ లేచింది.

ఆ తెర చూస్తుంటే మా తాత గుర్తొచ్చారు. శ్రీకాకుళం వైపు నుంచి ఒక ట్రంకు పెట్టెతో టాటానగర్ స్టేషన్లో దిగిన మనిషి. హిందీ ఒక్క ముక్క రాదు. మొదట మన తెలుగువాళ్ల గదిలో చోటు చూసుకున్నారు. వాళ్లతో కలిసి పనిలోకి వెళ్లారు. బిష్టుపూర్ రామ మందిరంలో నలుగురిని పరిచయం చేసుకున్నారు. నిలదొక్కుకున్నాక హిందీ నేర్చుకున్నారు, బెంగాలీ నేర్చుకున్నారు, పక్క బస్తీలో సంతాలీ మిత్రులతో నాలుగు మాటలు కలిపారు. తెలిసినదాన్ని ఆసరా చేసుకుని నిలబడడం చిన్నతనం కాదు. నిలబడ్డాక కొత్తది నేర్చుకోకుండా అక్కడే ఆగిపోవడం చిన్నతనం. కొత్త కంపెనీలో, అత్తవారింట్లో, పరాయి దేశంలో అడుగుపెట్టే ప్రతివాళ్లకీ ఇదే వరస.

7. ఏరు దాటాకే తెప్ప సంగతి

మెషీన్ లేచాక లెక్కల సాఫ్ట్‌వేర్ తెరిచాను. ఎగుమతికి ముందు చివరి బిల్లు నంబరు, తేదీ, మొత్తం ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. ఆ కాగితాన్ని తెర పక్కన పట్టుకున్నాను. నంబరు అదే. తేదీ అదే. మొత్తం అదే. ఆ రోజంతటిలో మొదటిసారి 'అయింది' అని పైకే అన్నాను.

పాతదాన్ని అప్పుడు కూడా తీసేయలేదు. ఆపి ఉంచి, పొరపాటున తనంతట తాను లేవకుండా కట్టడి చేసి, నెల్లాళ్లు అలాగే ఉంచాను. ఒక నెల జీతాలు, ఒక నెల పన్ను లెక్కలు కొత్తదాంట్లో సవ్యంగా జరిగాకే తీశాను. ఏరు దాటాక తెప్ప తగలేసేవాణ్ని కృతఘ్నుడంటారు. దాటకముందే తగలేస్తే మునిగేది మనమే. మా తాత కూడా ఇక్కడ ఉద్యోగం పర్మినెంటు అయ్యేదాకా ఊళ్లో తన వాటా పొలం అమ్మలేదట. కొత్తదాని మీద ఉత్సాహం ఉండాలి. ఆ ఉత్సాహంలో పాతదాని తాళంచెవి నదిలో పారేయకూడదు.

నాన్న చెప్పిన లాగ్‌బుక్కు

మధ్యాహ్నం ఇంటికెళ్లి, "నడిసింది నాన్నా" అన్నాను. అప్పుడు చెప్పారు ఆయన తన సంగతి. అది రాసే ముందు ఈ ఊరి సంగతి ఒక్క మాట.

ఈ ఊరికి ముగించడం విలువ పుట్టుకతోనే తెలుసు. ఇక్కడ మొదటి కొలిమి రాజుకున్నది 1911 డిసెంబరు 2న. మొదటి ఉక్కు దిమ్మె బయటికి వచ్చింది 1912 ఫిబ్రవరి 16న. మధ్యలో రెండున్నర నెలలు. నిప్పు రాజుకోగానే పనైపోయిందని ఎవరూ ఇంటికి పోలేదు. అదే 1912లో ఇక్కడ ఎనిమిది గంటల పనిదినం పెట్టారు. 

ఎనిమిది గంటల చొప్పున రోజుకి ఏ, బీ, సీ అని మూడు షిఫ్టులు. అంటే కొలిమి ఆరకుండా రోజుకి మూడుసార్లు చేతులు మారాలి. "సీ షిఫ్టు అయిపోనాక బయటికి పోడానికి కాళ్లు లాగుతుంటాయిరా" అన్నారు నాన్న. "కానీ రిలీవరు రావాల. లాగ్‌బుక్కు సదవాల. ఏ వాల్వు సతాయిస్తందో నానే సెప్పాల. ఆడు 'సరే అన్నా, నాను చూసుకుంతాను' అనాల. అప్పుడే నా డ్యూటీ అయినట్టు. గడియారం చూస్తే అవదు."

ముప్పై నాలుగేళ్లు రోజూ ఆ 'సరే అన్నా' వినిపించాకే గేటు దాటిన మనిషి. అందుకే 100 శాతం అన్న అంకె ఆయన్ని కదిలించలేదు.

ఈ వారం ఇలా చేయండి

మీరు 'అయిపోయింది' అనుకుంటున్న పనుల్లో మూడింటిని కాగితం మీద రాయండి. ఒక్కొక్కదాని ఎదురుగా, అవతల అందుకున్నవాళ్ల పేరు రాయండి. వాళ్లకి ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడగండి: 'అక్కడ నడుస్తోందా?' నడవకపోతే వెనక్కి వెళ్లి సరిచేయండి.

మీరు ఒప్పుకుని మౌనంగా ఉండిపోయిన పని ఒకటి తప్పకుండా ఉంటుంది. ఈ రోజు పడుకునేలోపు 'ఇంత అయింది' అనో, 'నా వల్ల కాదు' అనో చెప్పేయండి.

మీ చేతిలోంచి వెళ్లిన ప్రతిదీ ఇంకొకరి చేతిలో నిలబడాలి. అది కళ్లారా చూశాకే 'అయింది' అనండి. ఆ అలవాటు మీకుందని తెలిసిన రోజున, పెద్ద బాధ్యతలు మిమ్మల్ని వెతుక్కుంటూ మీ గుమ్మంలోకే వస్తాయి.